చింతగింజల లెక్కయు చెన్నూరి పులులును

ఒక కుండలో చింతగింజలున్నవి. కుండను బోర్లింపక అవి యెన్నియో చెప్పవలెను. 40 గింజలు తీసి, సున్నపుబొట్టు పెట్టి, మరల కుండలో వేసి బాగుగా కలుపుడు. తరువాత కన్నులు మూసికొని 50 గింజలు తీయుడు. వానిలో పదింటికి బొట్టున్నదనుకొందము. అనగా తీసినవానిలో అయిదవవంతు బొట్టుగింజలు. కుండలోను అదే పాలుండవలెను గనుక మొత్తము సుమారు 200. అడవిలో పులులను లెక్కించు శాస్త్రజ్ఞులు చేయునదియు నిదియే. అయితే వారు బొట్టు పెట్టనక్కరలేదు. పులికి పుట్టుకతోనే చారలున్నవి. ఏ రెండు పులుల చారలును ఒక్కరీతిగా నుండవు.

బాట కిరుప్రక్కల కెమెరాలు కట్టుదురు. జంతువు నడచిపోవునపుడు అవి తమంతట తామే బొమ్మ తీయును. ఈ పద్ధతిని 1990 తరువాత కర్ణాటకమందలి నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ గారు నెలకొల్పిరి. అంతకుముందు అడుగుజాడలను బట్టి లెక్కించెడివారు. ఆ లెక్క యెంత నమ్మదగినదో 2005లో రాజస్థానమందలి సరిస్కాలో తేలినది: కాగితముపై పులులున్నవి, అడవిలో నొక్కటియు లేదు! కెమెరాల లెక్క ననుసరించి 2022లో దేశమున సుమారు 3,682 పులులు గలవు. తెలంగాణమున 2018లో 26 ఉండగా 2022లో 21కి తగ్గినవి.

ఇక చెన్నూరు. అచ్చట గోదావరి ఉత్తరవాహిని. తూర్పున ప్రాణహిత, దాని యావలియొడ్డు మహారాష్ట్రము. ఆ రాష్ట్రమందలి తడోబా అడవులలో పులులు పెరిగినకొలది, పడుచుపులులు క్రొత్తచోటు వెదకికొనుచు ఆదిలాబాదు ప్రాంతమునకు వచ్చుచున్నవి. 2012లో పులుల రక్షితారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల పడమట నున్నది. అచ్చటికి చేరులోపల వాని దారిలో నున్నవి పత్తిచేలు, పల్లెలు, అడవిపందులకై పెట్టు కరెంటు తీగలు. 2019 జనవరిలో మంచిర్యాల జిల్లాలో అట్టి తీగకు చిక్కి మరణించిన పులి చర్మము మందమఱ్ఱిలో పట్టువడినది. ఆ తీగకు పులియని, పందియని, మనిషియని భేదము లేదు.

ఇటు స్త్రీల మాట. తునికాకునకును ఇప్పపువ్వునకును అడవికి పోవువారిలో, పత్తి యేరువారిలో స్త్రీలే యెక్కువ. 2024 నవంబరులో కాగజ్‌నగర్ సమీపమున పత్తిచేనిలో నున్న ఒక యువతి పులివాతబడెను. పులి వెనుకనుండి వచ్చునని, తల వెనుకభాగమున ధరించుటకు ముఖపుబొమ్మలను అటవీశాఖవారు కూలీలకు పంచిరి. ఏ పులి యే దారిని నడచుచున్నదో ముందుగా తెలిసినచో, ఆనాడు ఆ చేనికి పోవలదని చెప్పవచ్చును. కెమెరా లెక్క మనకు పనికివచ్చునది ఇందుకే.

అయితే ఆ కెమెరాకు పులియే కాదు, మోపు మోయు స్త్రీయు కనబడును. హిమాలయముల దిగువనున్న కార్బెట్ అడవిలో త్రిశాంత్ సిమ్లాయ్ అను పరిశోధకుడు స్త్రీలతో మాటలాడి 2024లో ప్రకటించిన సంగతి వినుడు. తమ బొమ్మలు పురుషులు చూతురను జంకుతో వారు అడవిలో పాడుట, గట్టిగా మాటలాడుట మానివేసిరట. ఆ సవ్వడి వినియే గదా మృగము ప్రక్కకు తొలగిపోవునది! చెన్నూరు అడవిలో కెమెరా కట్టువారు ముందుగా ఆ యూరి స్త్రీలను పిలిచి, ఏ చెట్టునకు కట్టుచున్నారో చూపి, బొమ్మలెవరు చూతురో చెప్పుట కష్టమైన పని కాదు.