దాటించిందెవరు?

అది 2013 జూన్‌ 24. మాస్కో నుంచి క్యూబా రాజధాని హవానాకు బయల్దేరిన విమానం నిండా పాత్రికేయులే. అందరి చూపూ 17ఎ సీటు మీదే! విమానం గాల్లోకి లేచింది. ఆ సీటు మాత్రం ఖాళీ. అందులో కూర్చోవాల్సిన ఎడ్వర్డ్‌ స్నోడెన్‌ కోసం అప్పటికే అమెరికా గాలిస్తోంది.

అమెరికా జాతీయ భద్రతా సంస్థకు కాంట్రాక్టు ఉద్యోగిగా హవాయిలో పనిచేశాడు స్నోడెన్‌. కోట్లాది మంది ఫోన్‌కాల్స్‌ వివరాలను ప్రభుత్వం గుట్టుగా పోగేస్తోందని చాటే రహస్య పత్రాలతో ఆ ఏడాది మేలో హాంకాంగ్‌ చేరాడు. జూన్‌ 5న తొలి కథనం వెలువడింది. నాలుగు రోజులకే, ఆ పని చేసింది తానేనని ప్రపంచానికి చెప్పాడు. అతడి మీద గూఢచర్యం కేసు పెట్టి, అరెస్టు చేయమని హాంకాంగ్‌ను కోరింది అమెరికా.

పేరులో తిరకాసు

హాంకాంగ్‌ అధికారులు కాగితాలు తిరగేశారు. మధ్య పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉందన్నారు. పాస్‌పోర్టు నంబరు లేదన్నారు. కాబట్టి ఆపే హక్కు తమకు లేదన్నారు. జూన్‌ 23న స్నోడెన్‌ దర్జాగా మాస్కో విమానం ఎక్కేశాడు. కావాలనే వదిలేశారంటూ అమెరికా మండిపడింది.

అసలు అతడి పాస్‌పోర్టును అమెరికా ముందురోజే రద్దు చేసింది. చేతిలో ఉన్నది లండన్‌లోని ఈక్వెడార్‌ కాన్సుల్‌ ఇచ్చిన ప్రయాణ పత్రం. తనకు తెలియకుండా ఇచ్చిన ఆ కాగితం చెల్లదని ఆ తర్వాత ఈక్వెడార్‌ అధ్యక్షుడే ప్రకటించాడు!

ఇక రష్యా సంగతి. స్నోడెన్‌ రాక తాము ఊహించనిదన్నాడు అధ్యక్షుడు పుతిన్‌. సెప్టెంబరుకల్లా ఆయనే, హాంకాంగ్‌లో ఉండగానే స్నోడెన్‌ రష్యా దౌత్యవేత్తలను కలిశాడని బయటపెట్టాడు. స్నోడెన్‌ మాట వేరు... మాస్కో తన గమ్యమే కాదనీ, లాటిన్‌ అమెరికా వెళ్తుంటే పాస్‌పోర్టు రద్దుతో మధ్యలో చిక్కుకుపోయాననీ అంటాడు.

ఇరవైకి పైగా తలుపులు

విమానాశ్రయంలోనే దాదాపు నలభై రోజులు గడిచాయి. ఆశ్రయం కోసం ఇరవైకి పైగా దేశాలకు అర్జీలు వెళ్లాయి. అందులో భారత్‌ కూడా ఉంది. మనవాళ్లు కాదన్నారు. జులైలో మాస్కో నుంచి తిరిగివెళ్తున్న బొలీవియా అధ్యక్షుడి విమానంలో స్నోడెన్‌ ఉన్నాడని పుకారు పుట్టింది. యూరప్‌ దేశాలు కొన్ని తమ గగనతలంలోకి రానివ్వకపోవడంతో ఒక దేశాధినేత వియన్నాలో గంటల తరబడి పడిగాపులు పడాల్సివచ్చింది! చివరికి ఆగస్టు 1న రష్యా తాత్కాలిక ఆశ్రయం ఇచ్చింది. అలిగిన ఒబామా, పుతిన్‌తో జరగాల్సిన శిఖరాగ్ర భేటీనే రద్దు చేసుకున్నాడు.

ఇంతకీ స్నోడెన్‌ను దాటించిందెవరు? మేమే అన్న దేశం ఒక్కటీ లేదు. ఒకరు చట్టం చూపించారు, ఒకరు సంతకం పెట్టి వెనక్కి తీసుకున్నారు, ఒకరు అనుకోని అతిథి అన్నారు. పాస్‌పోర్టు రద్దు చేసి అతణ్ని ప్రత్యర్థి గడపలో నిలబెట్టింది మాత్రం అమెరికాయే.

ఆ ఫోన్‌ వివరాల సేకరణ చట్టవిరుద్ధమని 2020లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఒకటి తేల్చింది. అయినా కేసు పోలేదు. 2022లో పుతిన్‌ సంతకంతో స్నోడెన్‌ రష్యా పౌరుడయ్యాడు. ప్రభుత్వ నిఘాను ఎదిరించి ఇల్లు వదిలిన మనిషికి నీడ దొరికింది... పౌరుల మీద నిఘాకు పెట్టింది పేరైన మరో రాజ్యంలో!