కల్చర్ ప్యాకెట్‌లో ప్రాణం ఎంత?

మినుము, పెసర విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ కొంటారు కదా. నల్లటి పొడి. బొగ్గుపొడికీ దానికీ కంటికి తేడా తెలీదు. అందులో బ్యాక్టీరియా బతికుందా, చచ్చిందా అన్నదే అసలు సంగతి.

జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. దాని ప్రకారం పొడి కల్చర్‌లో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. మరి కోట్లు ఎవరు లెక్కపెడతారంటారా? దానికో ఉపాయముంది.

పలచన చేస్తూ పోవడమే

ప్రయోగశాలలో 1 గ్రాము పొడిని 9 మి.లీ. క్రిమిరహిత నీటిలో కలుపుతారు. పదో వంతు పలచన అయింది. అందులోంచి 1 మి.లీ. తీసి మరో గొట్టంలోని 9 మి.లీ. నీటిలో కలిపితే వందో వంతు. ఇలా ఆరో గొట్టానికి వచ్చేసరికి పది లక్షల వంతు. అందులో 1 మి.లీ.ని జెల్లీలాంటి మేత పోసిన గాజు పళ్లెంలో వేసి 28 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కొద్ది రోజుల్లో బతికున్న కణం పెరిగి చుక్కలా కనబడుతుంది. చచ్చినది చుక్క కట్టదు. 50 చుక్కలొస్తే 50ని 10 లక్షలతో హెచ్చవేయండి. సరిగ్గా 5 కోట్లు! చుక్కలు 30కి తగ్గినా, 300 దాటినా ఆ పళ్లెం లెక్కకు రాదు, పక్క గొట్టంది చూస్తారు.

మనకేమిటి లాభం?

200 గ్రాముల ప్యాకెట్‌లో 1000 కోట్ల కణాలు. ఎకరాకు 8 కిలోల మినుము అంటే సుమారు 2 లక్షల గింజలు. గింజకు 50 వేల కణాలన్నమాట. రేకుల షెడ్డులో ఎండకు మాడి వెయ్యో వంతే మిగిలితే గింజకు దక్కేది 50. డబ్బు మాత్రం పూర్తిగానే ఇచ్చారు.

ఇవి మరవకండి

* తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు చూసి కొనండి. బిల్లు అడిగి తీసుకోండి.
* ప్యాకెట్‌ను ఎండలో, ఎరువుల బస్తాల మధ్య పెట్టొద్దు.
* విత్తనానికి ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, ఆఖరున కల్చర్. నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి.
* ఒక మడికి కల్చర్ పట్టించని విత్తనం వేయండి. 30-40 రోజులకు రెండు చోట్లా మొక్కలు పెళ్లగించి వేరు బుడిపెలు కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని పని సాగుతున్నట్టే. చేలో పాత రైజోబియం కూడా బుడిపెలు కడుతుంది కాబట్టే ఈ పోలిక.

అనుమానముంటే విప్పని ప్యాకెట్, బిల్లు పట్టుకుని మండల వ్యవసాయాధికారిని కలవండి. నమూనా తీసి పరీక్షకు పంపమని అడగండి.