మీకు తెలుసా? తైవాన్ గంజికి రాయపూర్‌లో చుట్టాలున్నారు

రాయపూర్‌లో ఏ విద్యార్థి సాంస్కృతిక క్లబ్బయినా ఓ ఆదివారం తైవాన్ గంజి విందు పెట్టాలనుకుంటే సరుకుల కోసం దూరం పోనక్కర్లేదు. బియ్యంలో నీళ్లు ఎక్కువ పోసి, చిలగడదుంప ముక్కలు వేసి మెత్తగా ఉడికిస్తే గంజి సిద్ధం. ఒకప్పుడు బియ్యం చాలని ఇళ్లలో కడుపు నింపింది ఆ దుంపే. ఇప్పుడు రుచి కోసం వేస్తున్నారు. అసలు అందం నంజుళ్లది. ఉప్పులో ఊరిన బాతుగుడ్డు, ఎండు ముల్లంగి వేసిన ఆమ్లెట్, వేయించిన పల్లీలు, ఊరబెట్టిన దోసకాయ.

ఛత్తీస్‌గఢ్ వాళ్లకు ఇది పరాయి తిండి అనిపించదు. వాళ్లకు బోరే బాసి ఉంది. అప్పుడే వండి నీళ్లు పోసిన అన్నం బోరే, రాత్రంతా నానింది బాసి, అంటే మన చద్దన్నమే. 2022 మే 1న శ్రామికుల గౌరవార్థం అందరూ బోరే బాసి తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. చద్దికి దక్కాల్సిన మర్యాదే అది.

వరి బంధుత్వం ఇంకా దగ్గరిది. తైవాన్ పొట్టి వరి ‘తైచుంగ్ నేటివ్ 1’ 1960లలో మన దేశానికి వచ్చింది. 1968లో విడుదలైన ‘జయ’ దాని సంతానమే. మరోవైపు, దేశీ వరుల పక్షాన నిలిచిన శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయపూర్ కేంద్రంగా వేల రకాలు సేకరించారు. ఆ విత్తన సంపద నేడు అక్కడి ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. విందు గంజికి ఛత్తీస్‌గఢ్ సువాసన బియ్యం దుబ్‌రాజ్ వాడి చూడండి.