బంపర్ సొట్టకు వేడినీళ్లు ఎప్పుడు చాలు?

పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తుండగా స్తంభం తగిలి బంపర్‌కు సొట్ట పడింది. రంగు లేవలేదు, పగుళ్లూ లేవు. ఇలాంటి సొట్టను చాలాసార్లు ఇంట్లోనే సరిచేయవచ్చు.

ఇతర కార్లలాగే విద్యుత్ కార్లలోనూ బంపర్ తొడుగును ఎక్కువగా పాలీప్రొపిలీన్‌కు రబ్బరు కలిపి తయారుచేస్తారు. ఇది థర్మోప్లాస్టిక్, వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. పాలీప్రొపిలీన్ కరగాలంటే సుమారు 160 డిగ్రీల సెల్సియస్ కావాలి. మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు కనుక తొడుగు కరగదు, వంగేంత మెత్తబడుతుంది. సొట్టపై వేడినీళ్లు పోసి, మందపాటి చేతితొడుగులతో లోపలివైపు నుంచి మెల్లగా నెట్టాలి. ఆకారం రాగానే చన్నీళ్లు పోస్తే అది నిలుస్తుంది. హాట్ ఎయిర్ గన్ వేడి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కావచ్చు, రంగు పొంగిపోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు కారు ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేయాలి. ఛార్జింగ్ పోర్టు దగ్గర నీళ్లు పోయకూడదు. నారింజ రంగు కేబుళ్లలో ప్రాణాంతకమైన హైవోల్టేజీ ఉంటుంది, వాటిని తాకరాదు.

కొన్ని కార్లలో బంపర్ వెనుక 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 4 మిల్లీమీటర్లే. అందుకే దాని ముందు పూసిన మందపాటి పుట్టీ, అదనపు రంగు పొరలు సంకేతాన్ని బలహీనపరచగలవు. చూడటానికి బంపర్ కొత్తదానిలా ఉన్నా, ఎదుటి వాహనాన్ని రాడార్ సరిగా గుర్తించకపోవచ్చు.

పగులు కనిపించినా, డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక వెలిగినా, కారు అడుగున బ్యాటరీకి దెబ్బ తగిలినా సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే.