భార్యాభర్తలిద్దరికీ జీతాలుంటే... రిటర్న్ ఒకటా, రెండా?



ఫారం 16 చేతికి రాగానే ఇళ్లలో ఫీజు రసీదుల వెతుకులాట మొదలవుతుంది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇంకో అనుమానం కూడా వస్తుంది: "మనిద్దరి జీతాలూ కలిపి చూపించాలా?" అమెరికాలో ఉన్న బంధువులు "మేం కలిపే ఫైల్ చేస్తాం" అంటే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది.

మన దేశంలో ఆ పద్ధతి లేదు. పెళ్లయినా ఎవరి పాన్ వారిదే, ఎవరి రిటర్న్ వారిదే.

ఇది మనకు లాభమేనా?
చాలా ఇళ్లకు లాభమే. అమలాపురంలో పనిచేసే భర్తకు ఏడాదికి 9 లక్షలు, రాజోలులో పనిచేసే భార్యకు 7 లక్షలు జీతం అనుకుందాం. కలిపితే 16 లక్షలు. కానీ చట్టం కలపదు. 2025–26 కొత్త విధానంలో, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షలు దాటని వారికి రిబేటు ఉంది. జీతం తప్ప వేరే ఆదాయం లేకపోతే ఇద్దరికీ పన్ను సున్నా. అయినా ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి ఇద్దరూ రిటర్న్ వేయాల్సిందే.

స్కూలు ఫీజు ఎవరు చూపించాలి?
కొత్త విధానంలో ఫీజుకు మినహాయింపు లేదు. పాత విధానంలో 80సి కింద పీఎఫ్, ఎల్‌ఐసీ వగైరాలతో కలిపి ఒక్కొక్కరికి 1.5 లక్షల వరకు ఉంది. భార్యాభర్తలు చెరో విధానం ఎంచుకోవచ్చు.
• ట్యూషన్ ఫీజు మాత్రమే లెక్కకు వస్తుంది. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్, బస్సు ఫీజు రావు.
• ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల వరకు చూపించుకోవచ్చు.
• కట్టినవారే చూపించాలి. ఒకే మొత్తాన్ని ఇద్దరూ చూపకూడదు.
నాన్నగారి 1.5 లక్షలు పీఎఫ్‌తోనే నిండిపోతే, అమ్మ తన ఖాతా నుంచి ఫీజు కట్టడం మేలు. ఇది ఏడాది మొదట్లోనే అనుకోవాలి.

భార్య పేరున డిపాజిట్ వేస్తే?
భర్త తన డబ్బుతో వేసిందైతే ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పిల్లల పేరున వేస్తే, అమ్మానాన్నల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి లెక్కలోకి వెళుతుంది. ఆమె జీతంలో దాచుకున్న డబ్బు మీద, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే.

మరి కొబ్బరి తోట?
దింపుల మీద వచ్చే రాబడి వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. కానీ ఏడాదికి 5 వేలు దాటితే జీతం మీద పన్ను కట్టే లెక్కలో దాన్నీ చూస్తారు. అప్పుడు ఐటీఆర్-1 పనికిరాదు. తోట ఎవరిదో వారి రిటర్న్‌లోనే చూపాలి.

జీతగాళ్లకు గడువు జూలై 31. పాత విధానం కావాలంటే ఆలోపే వేయాలి. అనుమానముంటే మీ ఆడిటర్ గారిని అడగండి. ట్యూషన్ ఫీజు విడిగా చూపే సర్టిఫికెట్ కోసం మన స్కూలు ఆఫీసులో ఇప్పుడే చెప్పి ఉంచండి.