ఓట్లడిగి జడ్జీ అయిన మా దోస్తు భార్య

మన పత్రికలో కోర్టు గురించి ఎవరు రాసినా గ్రాట్యుటీ కేసో, పీఎఫ్ కేసో ఉంటది. నేను వేరే కోర్టు ముచ్చట రాస్తున్న. అక్కడ తీర్పు చెప్పే మనిషిని జనమే ఓట్లేసి ఎన్నుకుంటరు. అమెరికాలో కాదు, మన దేశంలోనే, బీహారులో.

1982 సమ్మెతో ముంబయి మిల్లు పని పోయినంక నేను భివండీ వచ్చి సాంచెల మీద పడ్డ. నా పక్క సాంచెల మీద బీహారు మనిషి ఒకాయన చానా ఏండ్లు పనిచేసిండు. పేరు రాయను, ఊర్లె వాళ్లకు ఇబ్బంది అయితది. 2021లో ఆయన చాయ్ హోటల్ కాడ చెప్పిండు: "భాయ్, మా ఆవిడ సర్పంచ్‌గా నిలబడుతున్నది, ఊరికి పోతున్న."

మేమందరం ఊరి పెద్ద అనుకున్నం. మన దిక్కు సర్పంచ్ అంటే రోడ్లు, నల్లాలు చూసే మనిషే కదా. ఆయన నవ్విండు. వాళ్ల దగ్గర ఆ పని చేసేటాయన ముఖియా. సర్పంచ్ అంటే గ్రామ కచహరికి పెద్ద, అంటే ఊరి కోర్టుకు. మన తాతలు తహశీల్ కచేరి అనేవాళ్లు చూడండి, అదే మాట.

బీహారులో 2006 పంచాయతీ చట్టం ప్రకారం ఈ కచహరి నడుస్తది. సర్పంచ్‌ను ఊరంతా ఎన్నుకుంటది, కింద వార్డుకో పంచ్ ఉంటడు. ఐదేండ్ల పదవి. సగం సీట్లు ఆడవాళ్లకు. పార్టీ గుర్తులు ఉండవు. 2021లో ముఖియాకు మిషన్ మీద నొక్కిన్రు, సర్పంచ్‌కు, పంచ్‌కు మాత్రం కాగితం మీద ముద్ర కొట్టి పెట్టెలో వేసిన్రు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. ముఖియా అయితే నల్లా వేయిస్తా అని ఓటు అడగొచ్చు. జడ్జీ ఏమని అడగాలె? నీ కేసు గెలిపిస్త అనలేదు కదా. ఆమె చదివింది ఎనిమిది. ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే చెప్పిందట: "చిన్న కొట్లాటకు ఠాణాకు పోయి పైసలు పోసుకోకున్రి, ముందు నా కాడికి రాన్రి." గెలిచింది.

గెలిచినంక మా దోస్తు కుర్చీ తనదే అనుకున్నడు. అక్కడ చానా ఊర్లల్ల పెండ్లాం పేరు, మొగని పెత్తనం. కానీ కచహరికి న్యాయమిత్ర అని లా చదివిన మనిషిని సర్కారు ఇస్తది. ఆయన మావాణ్ని వెనక బెంచీ మీద కూర్చోమన్నడట. ఆ ముచ్చట చెప్పుకుంటూ మావాడే నవ్వుతడు, కానీ అప్పుడు మస్తు కోపమొచ్చి ఉంటది.

మొదటి కేసు ఎవరిదనుకున్నరు? ఎలక్షన్లల్ల ఆమె మీద ఊరంతా తిరిగి చెప్పినాయనది. ఆయన చేన్ల పక్కింటి బర్రె పడి పైరు మేసింది. ఆ బర్రె ఎవరిదంటే, ఆమె కోసం రాత్రింబగళ్లు తిరిగిన సొంత మరిదిది. "నాకీడ న్యాయం దొరకది" అని ఆయన వచ్చుడు వచ్చుడే గట్టిగ అన్నడట. ఆమె ఏమీ అనలే. రెండు దిక్కులవాళ్లూ తమకు నమ్మకమున్న పంచ్‌ను చెరొకరిని ఏరుకోవచ్చని రూలు ఉంది. ఏరుకోమన్నది. ఆయనకు కావలసిన మనిషే బెంచీ మీద కూసున్నంక ఆయన నోరు కొంచెం తగ్గింది.

మొదలు రాజీకి చూడాలె, అది కచహరి పని. ఎవరినీ జైలుకు పంపే అధికారం లేదు. జుర్మానా వెయ్యి రూపాయల దాకనే. పైకం కేసులైతే పదివేల లోపువే తీసుకుంటరు. తీర్పు నచ్చకుంటే పైకి అప్పీలుకు పోవచ్చు. ఈ అధికారం చిన్నదైందే మంచిదైందని నాకనిపిస్తది. పెద్ద అధికారం ఉన్న జడ్జీ ఓట్లడగాల్సి వస్తే నాకైతే భయమే.

రెండు పూటలు మాట్లాడిన్రట. చివరికి మరిది పోయిన పైరుకు వడ్లు కొలిచి ఇయ్యాలె అని రాజీ కుదిరింది. రాసుకున్నరు, వేలిముద్రలు పడ్డయి. మరిది వడ్లు ఇచ్చిండు కానీ ఆ ఇంటి గడప తొక్కుడు బంద్ పెట్టిండు. పండుగకూ రాలే.

మా చాళీలో ఇట్లాంటి లొల్లి అయితే కులపెద్దలు కూసుంటరు. వాళ్లను ఎవరూ ఎన్నుకోలే, ఆడవాళ్లను ఎవరూ పిలవలే. మా ఇంటామె ఈ ముచ్చటంతా విని "మరి మన కాడ ఎప్పుడు?" అన్నది. నేను చాయ్ పొయ్యమన్న.

మా దోస్తు ఇప్పుడు మళ్లీ భివండీలోనే రాత్రి పాళీ చేస్తున్నడు. మళ్ల నామినేషన్ వేద్దామా అని భార్య ఫోన్ల అడుగుతున్నదట. మరిది ఇంట్ల ఓట్లు పోయినట్టే. బర్రె తిన్న చేను ఆయన ఓటు వేస్తడో లేదో, అది ఆయన ఇంతవరకు చెప్పలే.