పెండ్లిరోజు విందునకు భోజనశాల నెన్నుకొనుట

పెండ్లినాడు వధూవరులను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, చుట్టపక్కాలు మేలమాడుచు కొసరి కొసరి వడ్డించు బువ్వంబంతి మన తెలుగునాట పాత ఆచారము. ఆ బంతి లేచిన మరునాటి నుండి లెక్క మారిపోవును. ఆమె వడ్డించును, ఆయన భుజించును. పిల్లలు కలిగిన పిదప వారును ఆ పంక్తిలో చేరుదురు. అందరును లేచిన తరువాత అడుగున మిగిలిన కూరతో, చల్లారిన అన్నముతో ఆమె తన భోజనము ముగించును. ఇరువదియైదేండ్లు ఇట్లు గడచిన యింట పెండ్లిరోజు వచ్చినపుడు, "ఈసారి మంచి హోటలులో భోజనము చేయుదము" అను మాట పుట్టినచో దానిని దుబారా అని త్రోసివేయరాదు. ఆమెను మరల ఒకనాడు బువ్వంబంతిలో కూర్చుండబెట్టవలెనన్న మాట అది. భోజనశాల నెన్నుకొనుటలోని మెలకువలను ఈ దృష్టితోనే శ్రోతలకు విన్నవింపదలచితిమి.

కోహెడ వంటి మండల కేంద్రములో నివసించువారికి ఈ ఎన్నిక పట్టణవాసులకంటె కొంత క్లిష్టమైనది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు కోహెడ కరీంనగరు జిల్లా నుండి విడివడి సిద్దిపేట జిల్లాలో చేరినది. అటు కరీంనగరు, ఇటు సిద్దిపేట, రెండును ఒక పూటలో పోయి రాదగిన దూరములోనివే. రెండింటను కుటుంబముతో కూర్చుండి తినదగిన భోజనశాలలు కలవు. కాని ఉన్నత శ్రేణి భోజనశాల, అనగా వంటను, వడ్డనను, కూర్చుండు చోటును సమానమైన శ్రద్ధతో తీర్చిదిద్దిన తావు, కావలెనన్నచో రాజీవు రహదారి పట్టి హైదరాబాదు చేరుట మంచిది. సిద్దిపేట నుండియే అది సుమారు నూరు కిలోమీటర్లు. కాబట్టి మనము భోజనమును మాత్రమే కాదు, ఒక ప్రయాణమును కూడ ఎన్నుకొనుచున్నామని గుర్తింపవలెను.

ఈ ప్రయాణపు లెక్క మనకు మాత్రమే తట్టినది కాదు. ఫ్రాన్సు దేశమునందు మోటారు టైర్లు తయారుచేయు మిషెలిన్ సంస్థ వారు 1900లో మోటారు యాత్రికుల కొరకు ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. 1926 నుండి అందులో మంచి భోజనశాలలకు నక్షత్రపు గుర్తు వేయసాగిరి. తరువాత ఆ గుర్తులు మూడు తరగతులైనవి. ఒక నక్షత్రమనగా తన తరగతిలో మంచిదని. రెండనగా దారి మరలి పోయి తినదగినదని. మూడనగా దాని కొరకే ప్రత్యేకముగా ప్రయాణము చేయదగినదని అర్థము. టైర్లు అరిగినకొలది అమ్మకము పెరుగునన్నది సంస్థ వారి ఆశ కావచ్చును గాని, వారు వేసిన ప్రశ్న మాత్రము చక్కనిది. ఈ భోజనము ఈ ప్రయాణమునకు తగినదేనా? కోహెడ వాసియు మొదట అడుగవలసినది ఇదే. అయితే దీనికి జవాబు ఏ పుస్తకమునందును దొరకదు. ఎవరి కొరకు ప్రయాణము చేయుచున్నామో వారినిబట్టియే జవాబు ఉండును.

ఉన్నత శ్రేణి భోజనశాలకును, మనకు పరిచితమైన హోటలునకును గల భేదమేమో కొంచెము తెలిసికొందము. రెస్టారెంటు అను మాటకు మొదటి అర్థము భోజనశాల కాదు. 18వ శతాబ్దమున పారిసు నగరములో నీరసించినవారికి సత్తువ చేకూర్చు మాంసరసమును ఆ పేరుతో పిలిచెడివారు. ఆ రసమును అమ్ము అంగళ్ళకును క్రమముగా అదే పేరు స్థిరపడినది. సత్రములలో అందరికి ఒకే బల్ల, ఒకే వంట. ఈ క్రొత్త తావులలోనో ఎవరి బల్ల వారిది. పట్టిక చూచి ఎవరికి వలసినది వారు కోరుకొనవచ్చును. 19వ శతాబ్దమున వడ్డనలో మరియొక మార్పు వచ్చినది. అంతకు మునుపు ఫ్రాన్సు దేశపు విందులలో పెక్కు వంటకములను ఒక్కమారే బల్లపై పరచెడివారు. రష్యా పద్ధతి ప్రబలిన పిదప ఒకటి తిన్న తరువాత మరియొకటి, వేడిగా, వరుసగా తెచ్చుట అలవాటైనది.

ఈ చరిత్ర మనకేల యనవచ్చును. మన మోదుగాకు విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు, తీపి అన్నియు కన్నుల యెదుట నుండును. ఏది ఎంత తినవలెనో మనమే నిర్ణయించుకొందుము. ఆ భోజనశాలలో మొదట ఒక చిన్న పళ్ళెము వచ్చును. అందులో రెండు ముద్దలకు చాలునంత పదార్థము ఉండును. అది ముగిసిన పిదప కొంత విరామము. ఈ పద్ధతి నెరుగనివారు "ఇంతేనా?" యని చిన్నబోవుదురు, లేదా మొదటి రెండు పళ్ళెములతోనే కడుపు నింపుకొందురు. ఇట్టి భోజనమునకు రెండు గంటలు, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువయు పట్టును. ఆ విరామములు వంటవాని ఆలస్యము వలన కలిగినవి కావు. దంపతులు ముచ్చటించుకొనుటకే అవి యున్నవని భావించినచో విసుగు తోచదు.

హైదరాబాదునకు పాకశాస్త్రమున గల పేరు జగద్విదితము. 2019లో యునెస్కో సంస్థ ఆ నగరమును పాకకళకు గాను సృజనాత్మక నగరముల వరుసలో చేర్చినది. పచ్చిమాంసమును మసాలాలో నానవైచి, సగముడికిన బియ్యముతో పొరలుగా పేర్చి, మూతకు పిండి మెత్తి ఆవిరిపై మగ్గించు బిర్యానీ. గోధుమలు, మాంసము కలిపి గంటల తరబడి మెదుపు హలీము. ఎండు ఖుబానీ పండ్లతో చేయు తీపి. ఇవన్నియు అచటి దావతులలోనివే.

నగరపు భోజనశాలలలో చరిత్రకు పేరొందినది ఫలక్‌నుమా. పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఈ భవన నిర్మాణమును ఆరంభించెను. తరువాత అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వశమైనది. తాజ్ సంస్థ వారు దానిని బాగుచేయించి 2010 నవంబరులో హోటలుగా తెరచిరి. అందలి పెద్ద భోజనపు బల్ల చుట్టు నూటయొక్కమంది కూర్చుండవచ్చును. 2017 నవంబరులో విదేశీ అతిథులకు ప్రధానమంత్రి విందు జరిగినది అచటనే. మరియొక వైపు, 1953లో సికింద్రాబాదున చిన్న హోటలుగా మొదలై బిర్యానీకి ప్రసిద్ధికెక్కిన ప్యారడైజు కలదు. మొదటిదానిలో ముందుగా స్థలము నిశ్చయించుకొనవలెను, ధర యధికము. రెండవదానిలో సందడి యెక్కువ, నిరీక్షణ తప్పకపోవచ్చును, ధర అందుబాటులోనిది. ఒకటి గొప్పది, రెండవది తక్కువది యని మేము చెప్పము. రాజభవనపు మెట్లెక్కవలెనని చిరకాలముగా కోరిక గల యిల్లాలికి మొదటిది తగును. వేడి బిర్యానీని ఎవరి కంటను పడకుండ తృప్తిగా తినగోరు ఆమెకు రెండవదే తగును.

కావున ఎన్నికలో మొదటి మెట్టు పత్రికలు, ఫోనులోని నక్షత్రములు చూచుట కాదు, ఆమెను అడుగుట. చాలమంది భర్తలు ఆశ్చర్యపరుపదలచి ఈ మెట్టును దాటివేయుదురు. తీరా చేరిన పిదప ఆనాడు శనివారమనియు, ఆమెకు ఒక్కపొద్దనియు తేలును. లేదా శ్రావణ మాసమగును, నీసు ముట్టదు. ఒకే పొయ్యిమీద మాంసమును శాకమును వండు చోట తినుటకు కొందరికి మనసొప్పదు. మధుమేహము కలవారు, కారము మానినవారు, దంతముల బాధ కలవారు ఉందురు. "నాకేమైన ఫరవాలేదు" అన్నది మన యిండ్లలోని స్త్రీల మొదటి జవాబు. ఆ జవాబుతో తృప్తి పడక రెండవమారు, మూడవమారు అడిగినవారికే అసలు కోరిక తెలియును.

రెండవ మెట్టు టెలిఫోను. వెళ్ళుటకు వారము దినములు ముందుగా భోజనశాల వారితో మాటలాడి ఐదు సంగతులు తెలిసికొనవలెను. బల్లను నిశ్చయించుటకు ముందుగా సొమ్ము కట్టవలెనా? మధ్యాహ్న భోజనము కలదా, రాత్రి మాత్రమేనా? ఒక్కొక్క వంటకము విడిగా కోరవలెనా, నిర్ణీతమైన వరుస భోజనమా, మనమే వడ్డించుకొను బఫేయా? దుస్తుల విషయమున నియమమేమైన కలదా? పెద్దగా పాటలు మ్రోగునా? వీటిలో మూడవది ముఖ్యము. బఫేలో వంటకములు పెక్కు. కాని పళ్ళెము చేతబట్టి వరుసలో నిలువవలసియుండును. ఏండ్ల తరబడి వడ్డించిన ఆమె చేతికి ఆనాడు కూడ గరిటె ఇచ్చుట భావ్యము కాదు. పెండ్లిరోజున బల్ల వద్దకు తెచ్చి వడ్డించు పద్ధతియే మేలని మా అభిప్రాయము.

మూడవది వ్యయము. అప్పుచేసి పప్పుకూడు తినరాదని పెద్దల మాట. మెనూ కార్డుపై నున్న ధరయే చివరి ధర కాదు. సాధారణ భోజనశాలలలో వస్తుసేవల పన్ను 5 శాతము. గది అద్దె దినమునకు 7,500 రూపాయలకు మించిన పెద్ద హోటళ్ళలోని భోజనశాలలలో 18 శాతము. ఇద్దరి భోజనము 4,000 రూపాయలైనచో మొదటిచోట పన్ను 200, రెండవచోట 720. దీనిని ముందే లెక్కించుకొన్నచో బిల్లు చూచి ముఖము చిట్లింపనక్కరలేదు. ఆ చిట్లింపు ఆమె కంటబడినచో తిన్నది ఒంటబట్టదు. ఇక సేవా రుసుము సంగతి. భోజనశాలల వారు తమంతట తాము బిల్లులో దీనిని చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకములు జారీచేసినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించినది. అట్టి రుసుము కనబడినచో తీసివేయుడని మర్యాదగా కోరవచ్చును. విననిచో 1915 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. మంచిగా వడ్డించిన వానికి మనము ప్రీతితో ఇచ్చు టిప్పు వేరు. అది మన యిష్టము.

నాలుగవది పరిశుభ్రత. దీపముల కాంతినిబట్టి వంటగదిని అంచనా వేయరాదు. 2024లో ఆహార భద్రతాధికారులు హైదరాబాదునందలి అనేక భోజనశాలలను తనిఖీ చేసినపుడు పేరుగల చోట్లను సైతము లోపములు బయటపడినవి. భోజనశాలకు పదునాలుగు అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య యుండవలెను. 2022 జనవరి నుండి దానిని బిల్లుపైనను ముద్రింపవలెనని నిబంధన. ఆ సంఖ్య యున్నంత మాత్రమున వంటగది శుభ్రమని పూచీ లేదు గాని, లేనిచోటును అనుమానించుటకు అది చాలును. నీళ్ళ గ్లాసు, చేతులు కడుగుకొను చోటు, వడ్డించువాని గోళ్ళు, ఈ మూడును చూచినచో మిగిలినది చాలవరకు బోధపడును.

అన్నింటికంటె ముఖ్యమైన అయిదవ సంగతి సంకోచము. వెలుగు తక్కువ గదిలో, అర్థము కాని పేర్ల పట్టికను చేతబట్టి, చుట్టునున్నవారు తనను చూచుచున్నారేమో యని బిగుసుకొని కూర్చున్న యిల్లాలికి ఏ వంటకమును రుచింపదు. మేము చెప్పగలిగినది ఇంతే: మెనూలో తెలియని పేరున్నచో సర్వరును అడుగుట చిన్నతనము కాదు, వివరించుట అతని పని. ముళ్ళచెంచా పట్టనక్కరలేదు, బిర్యానీ, రొట్టె చేతితో తినదగినవే. భోజనాంతమున నిమ్మచెక్కతో గోరువెచ్చని నీరు గిన్నెలో తెచ్చినచో అది త్రాగుటకు కాదు, వ్రేళ్ళు కడుగుకొనుటకు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొరత లేదని సామెత. మంచి భోజనశాల యనగా వడ్డించువాడు మనవాడు కాకున్నను మనవాడే యనిపించు తావు. ఫోనులో మాటలాడినపుడే వారి మాటతీరు ఈ సంగతిని కొంత తెలుపును. తెలుగులో అడిగిన ప్రశ్నకు ఓపికతో బదులు చెప్పనివారు బల్ల వద్ద మాత్రము ఆదరింతురని ఆశింపరాదు.

ఇక ప్రయాణము. రాజీవు రహదారి బస్సులు సికింద్రాబాదునందలి జూబిలీ బస్ స్టేషనుకు చేరును. ఫలక్‌నుమా చార్మినారునకు దక్షిణముగా, నగరపు ఆవలి యంచున నున్నది. నగరములో అడ్డముగా పోవుటకే గంటకు పైబడి పట్టవచ్చును. రాత్రి భోజనము ముగించి కోహెడ తిరిగి వచ్చుట అలసటతో కూడిన పని. నగరములో బంధువుల యింట బస యున్నచో రాత్రి విందు. లేనిచో మధ్యాహ్నపు విందే యుక్తము. అంత దూరము శరీరము సహింపనివారికి సిద్దిపేటలోనో, కరీంనగరులోనో శుభ్రమైన భోజనశాలలో, తొందరలేని పనిదినమున, కిటికీ వద్ద ఒక బల్ల చాలును. ఎదురెదురుగా కూర్చుండి, ఇరువురును ఒకేమారు తిని, ఒకేమారు లేచినచో మూడు నక్షత్రముల భోజనమునకు అది తీసిపోదు.

చివరగా ఒక చిన్న సంగతి. ఆనాటి ఖర్చులో, ఏర్పాట్లలో అన్నియు చూచుకొన్నవారు కూడ సాధారణముగా ఒకటి మరతురు. మధ్యాహ్నము విందారగించి, సాయంకాలము దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరిన తరువాత, పిల్లలకు, ముసలివారికి ఆ పూట అన్నము కావలెను. కాళ్ళు కడుగుకొని ఆమె నేరుగా పొయ్యి వద్దకు నడచినచో పగటి విందు సగము వ్యర్థమైనట్లే. ఆ రాత్రి వంట ఎవరు చేయుదురన్నది కూడ భోజనశాలను నిశ్చయించిన నాడే నిశ్చయించుకొనవలెను.